దిష్టిబొమ్మల కింద కోటగోడ

నేను గుంటూరు మనిషిని, కారం తినలేను. ఈ మాట చెబితే మా బ్రాడీపేటలో ఎవరూ నమ్మరు. నాలుక మీద కారం నిలవదు గానీ ముక్కు మీద కోపం మాత్రం ఎప్పుడూ తయారుగా ఉంటుంది. పురావస్తు తవ్వకాల్లో చేరిన కొత్తలోనే మా డైరెక్టరు గారు ఈ రెండూ కనిపెట్టేశారు. "తవ్వకాల దగ్గర రెండే రెండు తెలియాలమ్మా. కూలీలు పెట్టింది తినడం, వాళ్ళు చెప్పింది వినడం" అన్నారు. రెండూ నాకు చేతకావని ఆయన గొంతులోనే వినిపించింది.

వినుకొండ దారిలో మెయిన్ రోడ్డు దిగి, పత్తి చేలూ మిరప చేలూ దాటుకుంటూ లోపలికి వెళ్తే ఒక ఊరు, ఆ ఊరి పక్కన రెండు నిలువుల ఎత్తు దిబ్బ. దాన్ని పాటిదిబ్బ అంటారు. ఎప్పుడో ఊరుండి పాడైపోయిన చోటన్నమాట. అక్కడి బూడిద రంగు మట్టి పాటిమన్ను. అంతకు మించిన ఎరువు లేదని తాతల కాలం నుంచీ బళ్ళకెత్తి చేలకు తోలుకుంటూనే ఉన్నారు. ఆ లెక్కన ఒక ప్రాచీన నగరం కొంచెం కొంచెంగా మిరపకాయలైపోయి, టిక్కీ బస్తాల్లో కూరుకుని గుంటూరు యార్డుకు వెళ్ళిపోయింది. మిగిలినదేమన్నా ఉంటే చూద్దామని మేం వెళ్ళాం.

ఆ దిబ్బ చుట్టూ కోటగోడ ఉండే ఉంటుందని డైరెక్టరు గారి నమ్మకం. గోడ దొరికితే అది నగరం, దొరక్కపోతే పదింటిలో ఇంకో పల్లె. ఆ గోడ వెతికే పని నాకు అప్పగించారు. నేను మొదటి నెలలోనే ఏకంగా బురుజు కనిపెట్టాను.

దిబ్బకు దక్షిణపు అంచున, జానెడు లోతులో, గుండ్రంగా మూడు వరుసల ఇటుక. ఇటుకలు మూరెడు పొడుగున అసలు సిసలు పాతవి. నేను ఆగలేకపోయాను. జిల్లా పేజీ విలేఖరి ఒకాయన బండి మీద అటు పోతుంటే పిలిచి మరీ చూపించాను. మర్నాడు పేపర్లో 'వెలుగు చూసిన ప్రాచీన బురుజు' అని, దాని పక్కన టోపీ పెట్టుకుని నేను. మా అమ్మ ఆ పేజీని లామినేషన్ చేయించి, వీధిలో ఉన్న నాలుగు కోచింగ్ సెంటర్ల వాచ్‌మెన్లకూ చూపించింది.

మా దగ్గర పనిచేసేవాళ్ళు పన్నెండుమంది ఆడవాళ్ళు. మిరపకోతల ముఠా వాళ్ళది. రెండు కోతల మధ్య ఖాళీ దొరికితే మా దగ్గరికి వచ్చేవాళ్ళు. వాళ్ళకు పెద్ద, మేస్త్రి అక్క, నా ఫొటో ఉన్న పేపరులో పచ్చిమిరపకాయ బజ్జీలు కట్టుకొచ్చింది. విప్పి, ఫొటో వైపు చూసి, బురుజు వైపు చూసి తాపీగా అంది.

"ఇది గడ్డివాము దిమ్మె గదా మేడం."

"ఏంటీ?"

"కింద చెద పట్టకుండా గుండ్రంగా ఇటుక పరుస్తారు గదా, దాని మీద వాము వేస్తారు. ఆ కింది చేను బాబాయి వాళ్ళ నాన్న పరిచాడు. ఇటుకలు మాత్రం ఈ దిబ్బలోయే."

నాకు చెవుల్లోంచి ఆవిరి వచ్చింది. "మరి నెల నుంచీ కుంచెలతో ఊడుస్తున్నారే! తెలిసి ముందే చెప్పొచ్చు కదా!"

"మీరు అడగలేదుగా" అని బజ్జీ కొరికింది.

కొండను తవ్వి ఎలుకను పట్టారంటారు. నేను దిబ్బను తవ్వి గడ్డివామును పట్టాను. డైరెక్టరు గారు ఫోనులో ఏమీ తిట్టలేదు. "గడ్డివాము కూడా చరిత్రేనమ్మా. కాకపోతే మనం వెతికేది అది కాదు" అన్నారు. ఆయన తిట్టి ఉంటే బాగుండేది.

తర్వాత నిజంగానే దిబ్బ పడమటి వాలులో గోడ తగిలింది. ఉత్తరం నుంచి దక్షిణానికి ఇరవై అడుగులు, బారెడు వెడల్పు. రెండు కొసలా ఆగిపోయింది. ఈసారి నేను నోరు మూసుకుని డైరెక్టరు గారికి మాత్రమే చెప్పాను. ఆయన వచ్చి చూసి, గడ్డం గోక్కుని, "ఇరవై అడుగుల గోడ ఎవరి పెరటిదైనా కావచ్చు. మూల తిరిగితేనే అది ఊరిని చుట్టిందని నమ్మగలం. పది రోజుల్లో మళ్ళీ వస్తాను. మూల చూపించు. లేకపోతే గుంత పూడ్చేసి ఆఫీసుకు వచ్చి పెంకుల పని చూసుకో" అన్నారు.

పెంకుల పని అంటే ఏమిటో చెప్పాలి. తవ్వకాల్లో దొరికిన కుండ పెంకులన్నీ గోతాల్లో ఆఫీసు వెనక గదికి చేరతాయి. ఒక్కో పెంకునూ కడిగి, ఆరబెట్టి, సన్న కుంచెతో నంబరు వేయాలి. ఆ గదిలో ఇదివరకు పనిచేసినాయన ఇప్పుడు మనుషులతో మాట్లాడడు. ఎవరు పలకరించినా ముందు వాళ్ళను వెనక్కి తిప్పి చూస్తాడు, నంబరు ఉందేమోనని.

గోడ ఉత్తరానికే సాగుతుందని నేను పట్టుబట్టాను. దక్షిణాన దిబ్బ అయిపోయి మిరప చేను మొదలవుతుంది, మిరప చేలో కోటగోడేమిటి? ఉత్తరాన వరసగా మూడు గుంతలు తవ్వించాను. మొదటిదాంట్లో తుప్పు పట్టిన బోరింగు పైపు, రెండోదాంట్లో ఎడమకాలి హవాయి చెప్పు దొరికాయి. మూడోదాంట్లో పాము కనిపించి ఆ రోజంతా పని ఆగిపోయింది. వీటన్నిటికీ తోడు పక్క కల్లంలో మిరపకాయలు ఎండేశారు. గాలి తిరిగిందంటే ఘాటుకు పన్నెండుమందీ నేనూ కలిసి తుమ్మేవాళ్ళం. టేపు పట్టుకుని కొలిచేటప్పుడు తుమ్ము వస్తే కొలత మళ్ళీ మొదటి నుంచి.

దిబ్బ కింది చేలు ఇద్దరు అన్నదమ్ములవి. అన్నది పడమటి ముక్క, తమ్ముడిది తూర్పు ముక్క, మధ్యన మోకాలెత్తు గట్టు. వాళ్ళ తాతలు ఊరూరా తిరిగి దూది ఏకినవాళ్ళు, వీళ్ళు ఆ పత్తినీ దానితో పాటు మిరపనూ పండిస్తారు. శుక్రవారం ఇద్దరూ ఒకే మసీదుకు చెరో దారిన వెళ్తారు. ఏళ్ళ తరబడి మాటల్లేవు. నేను వచ్చాక ఆ మాటలు నా మీదుగా నడవడం మొదలైంది. అన్న గట్టుకు ఇవతల నిలబడి, "అమ్మా, ఆయన్ని మోటారు ఆపమను, నీళ్ళు నా చేలోకొస్తున్నాయి" అనేవాడు. తమ్ముడు రెండు బారల దూరంలోనే ఉండేవాడు. అన్నీ విని కూడా నేను చెప్పేదాకా ఆగి, "ఆపానని చెప్పమ్మా" అనేవాడు. నేను చెప్పేదాన్ని. పురావస్తు శాస్త్రంలో పీజీ చేసింది ఇందుకా అని విసుగొచ్చేది. ఎందుకు మాట్లాడుకోరో మాత్రం నేను అడగలేదు.

ఆరో రోజున ఇంకో ఘనకార్యం జరిగింది. ఆ ఇరవై అడుగులకైనా మంచి ఫొటోలు తీసిపెడదామని ముందురోజు సాయంత్రం ముఠా అందరినీ నిలబెట్టి చెప్పాను. "రేపు పొద్దున్నే ఫొటో తీస్తాను. గుంత పండగ పూట మన ఇంటి వాకిలిలా ఉండాలి."

పొద్దున వెళ్ళి చూస్తే అచ్చం అలాగే ఉంది. గోడ మీదా, గుంత అడుగునా చిక్కగా పేడ కళ్ళాపి చల్లారు. గుంతల గీతలకు మేం వాడే సున్నంతోనే మధ్యలో ఇరవై ఒక్క చుక్కల ముగ్గు వేశారు. పై వరస ఇటుకలకు పసుపు రాసి, ఇటుక ఇటుకకూ కుంకుమ బొట్టు పెట్టారు. పన్నెండుమందీ తలస్నానాలు చేసి, తలలో కనకాంబరాలతో ఫొటోకు నిలబడి ఉన్నారు.

నేను అరిచిన అరుపుకు కల్లంలో కాకులు లేచిపోయాయి. "బుర్ర ఉందా మీకు? ఎవరన్నా చూస్తే నవ్విపోతారు!" ఇంకా చాలా అన్నాను. రాయడానికి సిగ్గేస్తోంది.

"మీరేగా మేడం వాకిలిలా ఉండాలన్నారు" అని మేస్త్రి అక్క బక్కెట్టు తీసుకుని కడగడం మొదలుపెట్టింది. ఆ తర్వాత ముఠా మొత్తం నాతో మాట్లాడడం మానేసింది. పని మానలేదు. చెప్పింది చెప్పినట్టు చేశారు, అంతే. తవ్వమంటే తవ్వారు. ఆపమనడం మరిచిపోయి నేను ఫోను మాట్లాడి వచ్చేసరికి తలలు కనబడనంత లోతుకు వెళ్ళిపోయారు. మధ్యాహ్నం అన్నాల దగ్గర నా కోసం విడిగా మిరపకాయ వేయకుండా చిన్న గిన్నెలో పప్పు తెచ్చేవాళ్ళు. ఆ రోజు ఆ గిన్నె కూడా రాలేదు. దాంతో నాకు ఏడుపొచ్చింది. పరువు పోయినప్పుడు రాలేదు గానీ పప్పు గిన్నె పోయినప్పుడు వచ్చింది.

ఇంక నాలుగే రోజులున్నాయి. ఆ మధ్యాహ్నం నా పెరుగన్నం డబ్బా పట్టుకుని, ఎవరికీ కనబడకుండా తిందామని దక్షిణాన అన్నగారి మిరప చేలోకి దిగాను. అక్కడ కూడా ఏకాంతం దొరకలేదు. నా చుట్టూ దిష్టిబొమ్మలే.

ఒకటి కాదు, పదకొండు. అన్నిట్లోనూ గడ్డికి బదులు పుచ్చు పత్తి కూరడంతో బొద్దుగా, కలిగిన ఇంటి బిడ్డల్లా ఉన్నాయి. ఒకదానికి ఎన్నికల టీషర్టు, ఒకదానికి స్కూలు చొక్కా, ఒకదానికి పూల నైటీ. కుండ పగిలిపోయినట్టుంది, ఒకదానికి తలకాయగా బీటలు వారిన హెల్మెట్ పెట్టారు. గట్టుకు అవతల తమ్ముడి చేలో ఏడు ఉన్నాయి. అన్న బొమ్మలు తూర్పుకూ తమ్ముడి బొమ్మలు పడమరకూ తిరిగి ఒకదాన్నొకటి గుడ్లురిమి చూసుకుంటున్నాయి.

రెండు ముద్దలు తిన్నాక ఒక సంగతి తట్టింది. దిష్టిబొమ్మను ఎవరైనా దారిన పోయేవాళ్ళకు కనబడేలా చేను అంచున పెడతారు, ఒకటో రెండో. ఇవి వరస కట్టి ఉన్నాయి. నాలుగు దిబ్బ దగ్గర నుంచి తిన్నగా దక్షిణానికి వచ్చాయి. హెల్మెట్ బొమ్మ దగ్గర వరస తూర్పుకు తిరిగింది. అక్కడి నుంచి ఆరు గట్టు దాకా వెళ్ళాయి. గట్టు అవతల తమ్ముడివి ఏడూ అదే వరసలో ఉన్నాయి.

అన్నగారు నీళ్ళు మళ్ళిస్తూ కనిపించాడు. "బాబాయి గారూ, ఈ బొమ్మల్ని ఇలా వరసగా ఎందుకు పెట్టారు?" అని అడిగాను.

"దిష్టి తగిలింది అక్కడే గదమ్మా" అన్నాడు. "చేనంతా నడుమెత్తు మొక్క. ఈ వరసలో మాత్రం బారెడు వెడల్పున మోకాలు దాటదు. మా అమ్మాయి పెళ్ళైన ఏటి నుంచీ చూస్తున్నా, దాని కొడుకిప్పుడు డిగ్రీ చదువుతున్నాడు. గుమ్మడికాయ కొట్టా. దర్గాలో ఫాతిహా ఇప్పించా. కోటప్పకొండ తిరునాళ్ళకు పోయినోళ్ళతో విభూతి తెప్పించి చల్లా. మందుల కొట్టాయన ఇచ్చిన మందల్లా కొట్టా. ఎక్కడ మొక్క చస్తే అక్కడో బొమ్మ పెట్టుకుంటా పోయా."

"దిష్టి ఎవరిదంటారు?"

ఆయన గట్టు వైపు చూసి గొంతు తగ్గించాడు. ఆయన తగ్గించిన గొంతు వినుకొండ దాకా వినబడుతుంది. "ఇంకెవురిదమ్మా? పంపకాల్లో ఈ ముక్క నాకొచ్చిందని వాడి కడుపుమంట. ఆ కన్నే. అందుకే మాట మానేశా."

నేను లేచి నిలబడ్డాను. పెరుగన్నం ఒళ్ళో ఒలికిపోయింది. నేల కింద ఇటుక గోడ ఉంటే పైన మట్టి పలచన, వేరు దిగదు, తడి నిలవదు, మొక్క గిడసబారుతుంది. ఇది మా చదువులో మొదటి పాఠం. తవ్వకాలు చూడటానికి వచ్చిన కాలేజీ పిల్లలకు నేనే గంటసేపు చెప్పాను, ఈ చేనుకు వీపు పెట్టి నిలబడి. పిల్లను చంకలో పెట్టుకుని ఊరంతా వెతికానన్నమాట.

"బాబాయి గారూ, ఆ హెల్మెట్ బొమ్మ దగ్గర తవ్వుకోనిస్తారా?"

"ఎదగని మొక్కలేగా, తవ్వుకో తల్లీ. బొమ్మను మాత్రం కదిలించొద్దు."

తవ్వే చేతులు మాత్రం దిబ్బ మీద మూతి ముడుచుకుని కూర్చున్నాయి. నోరు మంచిదైతే ఊరు మంచిదవుతుందని మా అమ్మ నాకు చెప్పని రోజు లేదు. వెళ్ళి మేస్త్రి అక్క ఎదురుగా కూర్చున్నాను. "అక్కా, తప్పు నాదే. చెప్పడం చేతకాలేదు, పైగా నోరు పారేసుకున్నాను" అన్నాను.

ఆవిడ నన్ను ఎగాదిగా చూసింది. తన గిన్నెలోంచి పండుమిరపకాయ పచ్చడి కలిపిన ముద్ద ఒకటి తీసి నా చేతిలో పెట్టింది. పన్నెండుమందీ చూస్తున్నారు. మింగాను. కళ్ళల్లోంచి, ముక్కులోంచి, నాకు ఉన్నాయని తెలియని చోట్ల నుంచి నీళ్ళు కారాయి. నేను కడవ వెతుక్కుంటూ గుడ్డిదానిలా తిరుగుతుంటే వాళ్ళు నవ్వి నవ్వి నేల మీద దొర్లారు. అప్పుడు మేస్త్రి అక్క చెంగుతో నా మొహం తుడిచి, "ఎక్కడ తవ్వాలో చెప్పండి మేడం" అంది.

హెల్మెట్ బొమ్మను కదిలించకుండా దాని పక్కనే గుంత వేశాం. అది గుంతలోకి వంగి, పని చూసే ఇంజినీరులా నిలబడింది. మూడో రోజు మధ్యాహ్నానికి ఇటుక తగిలింది. తగిలింది గానీ ఎండకు ఇటుకా మట్టీ ఒకే రంగులో దుమ్ముకొట్టుకుపోయి, ఎక్కడ ఇటుక అయిపోయి ఎక్కడ మట్టి మొదలైందో తెలియడం లేదు. ఎంత ఊడ్చినా అంతే. మర్నాడే డైరెక్టరు గారు వస్తున్నారు. నాకు పెంకుల గది వాసన కూడా వచ్చేసింది. తల పట్టుకుని, "ఏం చేద్దాం అక్కా?" అని అడిగాను.

మేస్త్రి అక్క ఓరగా చూసింది. "కళ్ళాపి చల్లితే తెలిసిద్ది మేడం. వాకిట్లో రాయి ముందు ఆరిద్ది, మట్టి ఆలస్యంగా ఆరిద్ది."

"ఇన్నాళ్ళూ చెప్పలేదేం?" అనబోయి నాలుక కరుచుకున్నాను. అడగందే అమ్మైనా పెట్టదు కదా. "చల్లండి" అన్నాను.

"పేడతోనా?"

"పేడ వద్దు!"

వాకిలి చల్లినట్టే చేతి వాటంగా చల్లారు. అందరం ఒడ్డున కూర్చుని తడి ఆరడం చూశాం. ముందు ఒక ఇటుక తేలింది, పక్కన ఇంకొకటి, తర్వాత వరస, వరస పక్కన వరస. ఒక గోడ దిబ్బ వైపు నుంచి వచ్చింది. హెల్మెట్ బొమ్మ కాళ్ళ దగ్గర చక్కగా మూల తిరిగి, గట్టు వైపు వెళ్ళిపోయింది. నేను ఏడ్చాను. గాలి తిరిగి మిరప ఘాటు తగిలిందని అందరికీ చెప్పాను. ఎవరూ నమ్మలేదు.

మర్నాడు డైరెక్టరు గారు గుంతలో దిగి మూలను చేత్తో తడిమి చూశారు. తలెత్తి, "ఇక్కడ తవ్వాలని ఎలా తోచింది?" అని అడిగారు.

మొక్కల ఎదుగుదలలోని తేడాలను శాస్త్రీయంగా పరిశీలించి, అని మొదలయ్యే వాక్యం నా నాలుక చివర తయారుగా ఉంది. మేస్త్రి అక్క నన్నే చూస్తోంది. హెల్మెట్ బొమ్మ కూడా.

"బొమ్మల్ని చూసి సార్. బాబాయి గారిని అడిగితే చెప్పారు" అన్నాను.

ఆయన గడ్డం గోక్కున్నారు. "ప్లాను గీసేటప్పుడు వీటిని కూడా గుర్తించు. పెంకులకు వేరే మనిషిని చూస్తాను" అన్నారు. నాకు కాళ్ళు నేల మీద ఆనలేదు.

అప్పుడు అన్నగారు ముందుకొచ్చాడు. తలకు చుట్టిన తువ్వాలు తీసి చేతిలో పట్టుకున్నాడు. "సారూ, మొక్క ఎదగనిది ఈ గోడ మూలానేనా?"

"దీని మూలానే."

"కన్ను కాదా?"

"కాదు, ఇటుక."

"ఇటుకేనా" అని ఇంకోసారి అడిగాడు. మిరప సాళ్ళ మధ్య నుంచి గట్టు దగ్గరికి నడిచాడు. అవతల తమ్ముడు డ్రిప్పు పైపు సరిచేస్తున్నట్టు నటిస్తూ పొద్దుటి నుంచీ అక్కడే ఉన్నాడు. అన్నగారు అలవాటుగా నా వైపు తిరిగి నోరు తెరిచాడు. నేను తల అడ్డంగా ఊపాను. ఆయన మళ్ళీ అటు తిరిగాడు.

"ఒరేయ్" అన్నాడు. తువ్వాలు భుజాన వేసుకుని మళ్ళీ అన్నాడు. "ఒరేయ్, నీ కన్ను కాదురా. గోడంట."

తమ్ముడు పైపు వదిలేసి నిలబడ్డాడు. "నా చేలోనూ అంతేగా అన్నా. ఈ వరసలోనే బారెడు మేర ఎదగదు. నేను నీ కన్నే అనుకున్నా."

"నీక్కూడా పోయిందా? ఇన్నేళ్ళూ? ఆ బొమ్మలు నాకు పోటీగా పెట్టావనుకున్నానే. మరి నాకు చెప్పలేదేరా?"

తమ్ముడు నేల వైపు చూస్తూ అన్నాడు. "నువ్వు అడగలేదుగా అన్నా."

నా వెనక పన్నెండుమందిలో ఒక్కరూ నవ్వలేదు. అన్నగారు గట్టు దాటాడు. మోకాలెత్తు గట్టే, కానీ తమ్ముడు చెయ్యి అందించాడు.

మర్నాడు పొద్దున వెళ్ళేసరికి పద్దెనిమిది బొమ్మలూ తిరిగిపోయి ఉన్నాయి. తూర్పుకూ కాదు, పడమరకూ కాదు. రోడ్డు నుంచి జనం వచ్చే దారి వైపు, నా వైపు గుడ్లురిమి చూస్తున్నాయి. అన్నదమ్ములిద్దరూ గట్టు మీద పక్కపక్కన కూర్చుని టీ తాగుతున్నారు.

"ఇదేంటి బాబాయి గారూ?" అని అడిగాను.

"ఊళ్ళ మీదోళ్ళందరూ వచ్చి చూస్తున్నారు గదమ్మా" అన్నాడు అన్నగారు. "మా గోడకు దిష్టి తగలదూ?"